దోర్దోన్‌లో కారు లేకుండా 6 రోజులు, అమ్మానాన్నలతో. అయ్యే పనేనా?

తులూజ్_తణుకోడు
సెప్టెంబర్ రెండో వారం అమ్మానాన్నల్ని తీసుకుని దోర్దోన్ (ఫ్రాన్సు నైరుతి మూల, ఆ నది పేరే జిల్లాకీ) వెళ్దామని సార్లా ఊళ్ళో 6 రోజులకి ఇల్లు బుక్ చేసేశా. ఇప్పుడు క్యాన్సిల్ చేస్తే పైసా వెనక్కి రాదు. ఆఫీసులో చెప్తే ఒక్కొక్కడూ నా మొహం చూసి, కారు లేకుండా అక్కడేం చేస్తావ్ అంటున్నాడు. నాకు లైసెన్సు లేదు. నాన్నకి 64, రిటైర్డ్ టీచరు, 30 ఏళ్ళు సైకిల్ మీదే బడికెళ్ళాడు, ఇప్పటికీ తొక్కుతాడు. అమ్మకి 60, మోకాళ్ళ నొప్పులు, పైగా ఇద్దరూ శాకాహారం, అమ్మ గుడ్డు కూడా తినదు. గుహలు, కోటలు, నది, కాస్త నడక, నాన్నకి కాస్త సైకిలు, ఇదీ ప్లాను. ఆ చుట్టుపక్కలకి వెళ్ళొచ్చిన వాళ్ళెవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి, ధైర్యం చెప్పక్కర్లేదు.

బోర్డో_బుజ్జి
ఉన్నదున్నట్టు అడిగావు కాబట్టి చెప్తున్నా, కారు లేకుండా వెళ్ళకు. నేను రెండుసార్లు వెళ్ళా. ఊరికీ ఊరికీ మధ్య 10, 15 కిలోమీటర్లు, బస్సులు స్కూలు పిల్లల టైమింగుల్లో నడుస్తాయి, జులై ఆగస్టుల్లో తిరిగే టూరిస్టు బస్సులు సెప్టెంబర్‌కి చాలావరకు ఆపేస్తారు.

సైకిల్_సీను
బుజ్జీ నువ్వు కార్లో వెళ్ళావు కాబట్టి కారు కావాలంటున్నావు. నేను బోర్డో నుంచి ట్రైన్లో సైకిలు పెట్టుకుని నేరుగా సార్లాలో దిగా, బెర్జెరాక్ మీదుగా వెళ్ళే బండి. నాలుగు రోజులున్నా, టాక్సీ కూడా ఎక్కలేదు. తణుకన్నా, మీ ఇల్లు సార్లాలో అంటే నీకు లాటరీ తగిలినట్టే. ఆ ఊరి దక్షిణం వైపు నుంచి పాత రైలు లైను మీద సైకిలు బాట వేశారు, కార్సాక్, గ్రోలెజాక్ మీదుగా కజులెస్ దాకా 20 కి.మీ. పైనే ఉంటుంది. కార్లు ఉండవు, తారు రోడ్డు, ఒకప్పుడు రైలు నడిచిన దారి కాబట్టి నిట్టనిలువు ఎక్కుడు ఎక్కడా ఉండదు. మీ నాన్నగారు కళ్ళు మూసుకుని తొక్కొచ్చు. (కళ్ళు తెరిచే తొక్కమనండి, చూడ్డానికే కదా వెళ్ళేది.)

బోర్డో_బుజ్జి
సరే, ఆ ఒక్క బాట బాగుంటుంది, ఒప్పుకున్నా. మరి లా రోక్ గజాక్? బెనాక్? ఆ ఊళ్ళు ఆ బాట మీద లేవు బాబూ. నది పక్కన డీ703 రోడ్డు మీద వెళ్ళాలి. సన్నటి రోడ్డు, ఓ పక్క కొండ, ఓ పక్క నీళ్ళు, మధ్యలో డచ్చివాళ్ళ క్యారవాన్లు.

సైకిల్_సీను
అదైతే నిజం. డీ703 మీద నాకూ చెమటలు పట్టాయి. ఊరి బయట సైకిలుకి మీటరున్నర ఖాళీ వదిలి ఓవర్‌టేక్ చెయ్యాలని రూలు ఉంది గానీ ఆ మీటరున్నర ఎవడి కొలబద్దతో కొలుస్తాడో వాడికే తెలియాలి. నది అవతలి ఒడ్డు రోడ్లు నయం, కాస్టెల్నో వైపు.

కరీంనగర్_కిరణ్
ఏందన్నా గీ పేర్లు, గజాక్ బెనాక్ సుయాక్ మోంటిన్యాక్, అన్నిటికి తోక ఆక్ ఆక్ అనుకుంట. బాతులు ఎక్కువని ఊర్లకు గూడ గట్లనే పేర్లు వెట్టిన్రా?

రాళ్ళూ_రప్పలూ
కిరణ్ నవ్వించావు. అది రోమన్ల కాలం నాటి తోక. ఫలానావాడి భూమి, ఫలానావాడి ఎస్టేటు అని చెప్పడానికి పేరు చివర తగిలించేవాళ్ళు. మన పల్లి, పాలెం, పాడు లాంటిదే అనుకో.

ప్యారిస్_పద్మ
గుహలంటే ఆదిమానవుల బొమ్మలున్న లాస్కోనేనా? అయితే ముందే చెప్తున్నా, అది అసలు గుహ కాదు. కాంక్రీటు బిల్డింగులో కట్టిన నకలు. మేము ప్యారిస్ నుంచి అంత దూరం పోయి, టికెట్టు కొని, లోపలికి వెళ్ళాక తెలిసింది. మా ఆయన ఇప్పటికీ దెప్పుతాడు, జిరాక్స్ కాపీ చూడ్డానికి పెట్రోలు తగలేశావ్ అని.

రాళ్ళూ_రప్పలూ
పద్మగారూ, లోపలికెళ్ళాక తెలియడం మీ తప్పే, బోర్డు మీదే లాస్కో 4 అని రాసుంటుంది. 1, 2, 3 ఏమయ్యాయి అని అడగాలి కదా.
నాది జియాలజీ, ఈ విషయంలో కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక లేనివాళ్ళు దాటేయండి. 1940 సెప్టెంబర్ 12న కుర్రాళ్ళు నలుగురు ఓ గుంటలోంచి దిగి చూశారు, గోడల నిండా ఎద్దులు, గుర్రాలు, జింకలు, దగ్గర దగ్గర 17 వేల ఏళ్ళ కిందటివి అంటారు, ఇంకా పాతవి అనేవాళ్ళూ ఉన్నారు. 1948లో జనానికి తెరిచారు. ఇక జనం ఒకటే రావడం. వేల ఏళ్ళు గాలి కూడా కదలని చోట రోజూ వందల మంది ఊపిరి వదిలితే ఏమవుతుంది, కార్బన్ డయాక్సైడ్, చెమ్మ, వేడి, దానికి తోడు లైట్లు. గోడల మీద పచ్చగా నాచు పట్టింది, తర్వాత తెల్లగా సున్నప్పొర మొదలైంది. 1963లో మూసేశారు, మళ్ళీ తెరవలేదు, తెరవరు. లాస్కో 2 అని 1983లో ఆ కొండ మీదే నకలు కట్టారు. 3 ఊరూరా తిరిగే ప్రదర్శన. 2016 డిసెంబర్లో మోంటిన్యాక్‌లో తెరిచిందే ఈ 4. గోడ ఎక్కడ ఉబ్బిందో, ఎక్కడ పగిలిందో అంతా లేజరు కొలతలతో తీసి, మళ్ళీ మనుషులే చేత్తో వేసిన బొమ్మలు. నాకైతే ఆ ఎద్దుల గదిలో నకలు అన్న సంగతి రెండు నిమిషాల్లో గుర్తు లేకుండా పోయింది.

ప్యారిస్_పద్మ
మీకు గుర్తు లేకుండా పోయిందేమో, మా ఆయనకి పోలేదు 😄 సరే, బాగా చేశారు, కాదనను. కానీ అసలుది చూడాలి అనుకునేవాళ్ళకి ఏం దారి?

రాళ్ళూ_రప్పలూ
ఉంది. లెజేజీ ఊరి చివర ఫాన్ ద గోమ్. అది అసలు గుహ, అసలు బొమ్మలు, రంగులు వేసినవి, అడవిదున్నలు. రోజుకి కొద్దిమందినే వదులుతారు, అదీ చిన్న చిన్న గుంపులుగా. టికెట్లు ఎప్పుడో అయిపోతాయి, మన తిరుమల సుప్రభాత సేవ లెక్క. వెళ్ళే నెలలో తెరిచి ఉందో లేదో ముందు చూస్కోండి. లోపల ఇరుకు, కొండ ఎక్కి వెళ్ళాలి, అమ్మగారి మోకాళ్ళకి నేనైతే చెప్పను.
అమ్మగారికి రూఫిన్యాక్. గుహ లోపలికి చిన్న కరెంటు రైలు వెళ్తుంది, కూచుని చూడ్డమే. ఒక్క మెట్టు కూడా ఎక్కక్కర్లేదు అనను గానీ నడక చాలా తక్కువ. గోడల మీద మామత్ (మంచుయుగం నాటి బొచ్చు ఏనుగులు) బొమ్మలు వందకి పైన ఉన్నాయి. కింద నేల మీద గుంటలు గుంటలుగా ఉంటాయి, అవి ఎలుగుబంట్లు చలికాలం ముడుచుకుని పడుకోడానికి చేసుకున్నవి. నాకు బొమ్మల కన్నా ఆ గుంటలే ఎక్కువ ఒళ్ళు జలదరించాయి. స్వెటర్ తప్పనిసరి, బయట 30 డిగ్రీలున్నా లోపల 13.

లియోన్_లక్ష్మణ్
రూఫిన్యాక్ కప్పు మీద దీపం మసితో రాసిన పేర్లు చూశారా? 18, 19వ శతాబ్దాల్లో వచ్చినవాళ్ళు రాసినవి, ఏనుగుల మీదే రాసిపారేశారు. బొర్రా గుహల్లో "రమేష్ లవ్స్ సునీత" చూసి మనవాళ్ళింతే అని తిట్టుకునేవాణ్ణి, ఆ రోజు నుంచి మానేశా.

రాళ్ళూ_రప్పలూ
ఆ ఏనుగుల మీద 1956లో పెద్ద గొడవ కూడా అయింది, బొమ్మలు అసలువా ఎవడో ఈమధ్య గీసినవా అని. ఏనుగుల యుద్ధం అని పేరు పెట్టారు దానికి. చివరికి అసలువే అని తేలింది.

పప్పన్నం_పార్టీ
అందరూ గుహలు, కోటలు అంటున్నారు, అసలు ప్రమాదం గురించి ఎవరూ రాయట్లేదు. తిండి!! నేను శాకాహారిని, సార్లాలో మూడు రోజులున్నా. ఆ ఊళ్ళో నడిబొడ్డున బాతుల కంచు విగ్రహాలు ఉంటాయి (పెద్దబాతులు, హంసల్లా మెడ పొడుగు), ఆ విగ్రహాలు చూసినప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది. మెనూలో అంతా బాతే. బాతు కాలు, బాతు రొమ్ము, బాతు కాలేయం, బాతు మెడ. సరే అని వెదికి వెదికి పక్కన ఆలుగడ్డలు కనబడితే పోమ్ సార్లాదేజ్ అని ఆర్డర్ ఇచ్చా. వచ్చింది, ఎర్రగా, అంచులు కరకరలాడుతూ, వెల్లుల్లి, కొత్తిమీర లాంటి ఆకు చల్లి, అబ్బ, అచ్చం మా అమ్మమ్మ చేసే వేపుడే. ప్లేటంతా ఊడ్చేసి, రొట్టెతో తుడుచుకుని మరీ తిని, వెయిట్రెస్‌ని పిలిచి ఏం నూనె వాడారండీ ఇంత కమ్మగా ఉంది అనడిగా.
బాతు కొవ్వు అంది.

కరీంనగర్_కిరణ్
😂😂😂 అన్నా నువ్వు పార్టీ మారిపోయినవ్ పో.

పప్పన్నం_పార్టీ
నవ్వకు. ఇంటికెళ్ళాక మా ఆవిడకి చెప్పలేదు. ఇక్కడ కూడా వేరే పేరుతో రాస్తున్నది అందుకే. తణుకన్నా రాసిపెట్టుకో, "సాన్ గ్రెస్ ద కనార్", బాతు కొవ్వు లేకుండా. అది ముందు చెప్పి తర్వాతే కుర్చీలో కూర్చో. వెల్లుల్లి సూపు అని తూరాన్ ఉంటుంది, అందులోనూ కొవ్వే, పైగా గుడ్డు. పెరిగోర్ సలాడ్ అంటే ఆకులే కదా అనుకుంటావ్, పైన కందనకాయ ముక్కలు. మేక జున్ను సలాడ్ అని విడిగా అడిగితే కాస్త నయం. అక్రోట్లు మాత్రం ఎంత కావాలంటే అంత, టార్టు, నూనె, ఉప్పు బాదంలా వేయించినవి కూడా.

నడకే_మందు
వంటగది ఉన్న ఇల్లే తీసుకున్నావు కదా బాబూ? అయితే చిన్న రైస్ కుక్కరు, కందిపప్పు, ఆవకాయ, చింతపండు పట్టుకెళ్ళు, గొడవ తీరుతుంది. బుధవారం, శనివారం సార్లా సంత. ఊరు మొత్తం సంతే ఆ రోజు, బెండకాయ ఒక్కటి తప్ప టొమాటోలు, మిగతా కూరగాయలు అన్నీ దొరుకుతాయి. పాత చర్చి ఒకటి కప్పుండే మార్కెట్‌గా మార్చారు, దాని తలుపులు నాలుగైదంతస్తుల మేడంత ఉంటాయి, అమ్మకి చూపించు.
ఇంకోటి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఎక్కడం కాదు, దిగడం కష్టం. అందరూ తిరగేసి ఆలోచిస్తారు, పైకి కార్లో ఎక్కించి కిందికి నడిపిస్తారు. ఆ పని చెయ్యకు. ఇది నా సొంత మోకాళ్ళు చెప్తున్న మాట.

తులూజ్_తణుకోడు
అందరికీ థాంక్స్, అక్కా మోకాళ్ళ సంగతి గుర్తుపెట్టుకుంటా. తులూజ్ నుంచి సుయాక్ దాకా ట్రైన్, అక్కణ్ణుంచి సార్లాకి బస్సు, ఇదే కదా దారి? ఇంకో డౌటు, దోమ్ అని ఊరుందట, పేరు చూసి అమ్మ దోమలెక్కువా అంటోంది.

లియోన్_లక్ష్మణ్
ట్రైన్ దారి అదే. ప్యారిస్ లైను బండి సుయాక్‌లో ఆగుతుంది. బస్సు మాత్రం టైము చూసుకునే ట్రైను బుక్ చెయ్, తిరగేసి చెయ్యకు.
దోమ్‌లో దోమలు లేవు, గాలి కొడుతుంది బాగా. 1281లో రాజుగారు కట్టించిన కోట ఊరు, నది మీంచి 150 మీటర్ల ఎత్తులో కొండ కొమ్మున ఉంటుంది. కోట గోడ బురుజుల్లో బంధించిన టెంప్లార్లు (క్రూసేడుల కాలం నాటి క్రైస్తవ యోధులు) గీసినవని చెప్పే గీతలు గోడల మీద ఇంకా ఉన్నాయి. సైకిలు మీద ఎక్కాలంటే ఘాట్ రోడ్డే, మోటారు సైకిలు కావాలి. (మోటార్ సైకిల్ కాదు, మోటారున్న సైకిల్. మన భాషలో ఇదో చిక్కు.)

సైకిల్_సీను
కరెంటు సైకిలు అను, పోతుంది చిక్కు. నాన్నగారికి అదే తియ్యి. ఇక్కడ 25 కి.మీ. వేగం దాటితే మోటారు తనంతట తనే ఆగిపోతుంది, తొక్కితేనే సాయం చేస్తుంది, భయం లేదు. బరువు మాత్రం 25 కేజీల దగ్గర ఉంటుంది, మెట్ల మీంచి మోయడాలు పెట్టుకోవద్దు. 12 ఏళ్ళ లోపు పిల్లలకే హెల్మెట్ తప్పనిసరి, పెద్దవాళ్ళకి రూలు లేదు, అయినా పెట్టించు. అద్దెకిచ్చేవాడి దగ్గర తాళం, పంచరు సామాను అడిగి తీసుకో, దారిలో మన సెంటర్లో లాగా గాలి కొట్టే షాపు ఉండదు.

యానాం_మనవడు
కాస్త పక్కదారి. మా తాతగారిది యానాం, 1954 దాకా ఫ్రెంచివాళ్ళ కింద ఉంది కదా, ఆయన చిన్నప్పుడు బళ్ళో ఫ్రాన్సు నదుల పేర్లు వరసగా కంఠస్థం చేయించేవారట. లువార్, సేన్, రోన్, గారోన్, దోర్దోన్. పక్కనే ఉన్న గోదారి మాత్రం ఆ పాఠంలో లేదు. పోయినేడు నేను బెనాక్‌లో కోట మీంచి ఆ నది ఫొటో తీసి పంపితే, ఇంతేనా, అన్నారు.

బోర్డో_బుజ్జి
గోదారి చూసిన కళ్ళకి ఇక్కడ ఏ నదైనా పంటకాలవే లెండి.
బెనాక్ అంటే గుర్తొచ్చింది, అక్కడ నదిలో సగం కట్టి వదిలేసిన వంతెన స్తంభాలు చూశారా? ఊరి ట్రాఫిక్ తప్పించడానికి బైపాస్ మొదలెట్టారు, చుట్టూ ఇన్ని కోటలుండగా నది మీద ఇదేంటని కోర్టుకెళ్ళారు, 2018 చివర్లో పనులు ఆపించారు. నేను వెళ్ళినప్పుడు మొండి స్తంభాలు అలాగే నీళ్ళల్లో నిలబడున్నాయి. ఆ ఊరి జనం ఇప్పటికీ రెండు పార్టీలు.

కరీంనగర్_కిరణ్
సగం కట్టి ఇడిసిపెట్టిన బ్రిడ్జిలు చూసుటానికి గంత దూరం పోవుడెందుకన్నా.

ప్యారిస్_పద్మ
కోటల్లో ఒక్కటే చూడాలంటే మిలాండ్ చూడండి. జోసెఫిన్ బేకర్ ఇల్లు. అమెరికా నల్లజాతి పిల్ల, ప్యారిస్ వచ్చి డ్యాన్సులతో, పాటలతో స్టార్ అయింది, రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు తరఫున గూఢచారి పని చేసింది, 1947లో ఈ కోట కొనుక్కుని దేశదేశాల నుంచి 12 మంది పిల్లల్ని దత్తత తెచ్చుకుని పెంచింది. చివరికి అప్పులపాలై ఇల్లు వదలాల్సొచ్చింది. వంటింటి మెట్ల మీద వానలో చెప్పుల్లేకుండా కూర్చున్న ఫొటో ఉంది, దాని ముందు నేను చాలాసేపు నిలబడ్డా. 2021 నవంబర్ 30న పాంతియోన్‌లో (ప్యారిస్‌లో దేశ ప్రముఖుల సమాధులుండే మందిరం) గౌరవం ఇచ్చారు. ఇది నకలు కాదు అని మా ఆయన కూడా ఒప్పుకున్నాడు.

రాళ్ళూ_రప్పలూ
నా ఓటు లా రోక్ గజాక్‌కి. కొండకి అతుక్కున్న ఇళ్ళు, దక్షిణం ఎండ కొండకి కొట్టి వెచ్చగా ఉంటుంది కాబట్టి అక్కడ అరటిచెట్లు కూడా పెరుగుతాయి. కోనసీమ వాళ్ళకి ఏం గొప్ప అనకండి, ఫ్రాన్సులో అది గొప్పే. అదే కొండ 1957 జనవరిలో ఒక ముక్క విరిగి ఇళ్ళ మీద పడి ముగ్గురు పోయారు. ఎదురుగా గబార్ అని చదునుగా ఉండే పడవలు, గంటకి కాస్త తక్కువ తిప్పుతారు, అమ్మగారికి మోకాళ్ళతో పని లేదు.

చర్చల_కాపలా
కరీంనగర్ గారి బ్రిడ్జి మాట కింద వచ్చిన రాజకీయాలు తీసేశా. టాపిక్ ఫ్రాన్సులో ఉంది, అక్కడే ఉంచండి.

నడకే_మందు
నడక బాటల గుర్తులు కూడా ఎవరూ చెప్పలేదు. తెలుపు ఎరుపు అడ్డగీతలు పొడుగు బాటలవి, దోమ్ మీదుగా జీఆర్ 64 అనే పొడుగు బాట పోతుంది. పసుపు గీత ఉంటే ఊరి చుట్టూ చిన్న రౌండు, తిరిగి బయల్దేరిన చోటికే వస్తాం. ఇంటూ గుర్తు కనిపిస్తే అటు పోకూడదు. నేను మొదటిసారి ఆ ఇంటూని కలుసుకునే చోటు అనుకుని ముప్పావు గంట నడిచా, ఒకాయన పొలంలో తేలా. సెప్టెంబర్ మధ్య నుంచి వేట మొదలవుతుంది, అడవి బాటల్లో రంగు బట్టలు వేసుకోండి, నలుపు, ఆకుపచ్చ వద్దు. ఇంటికొచ్చాక కాళ్ళకి పిడుదులు ఏమైనా పట్టాయేమో చూసుకోండి.

లియోన్_లక్ష్మణ్
అక్రోటు చెట్టు కింద పడుకోవద్దు అని కూడా చెప్తారు అక్కడి ముసలివాళ్ళు, తలనొప్పి వస్తుందట. మన చింతచెట్టు లాగే అన్నమాట, కాకపోతే మనకి దయ్యాలు, వీళ్ళకి తలనొప్పి.

తులూజ్_తణుకోడు
వెళ్ళొచ్చాం!! మూడు వారాలైంది, రాస్తానని మాటిచ్చా కాబట్టి రాస్తున్నా, పొడుగవుతుంది.
మొదటి రోజు ప్రయాణానికే సరిపోయింది, లక్ష్మణ్ చెప్పినా వినకుండా ట్రైను ముందు బుక్ చేశా, సుయాక్‌లో రెండు గంటలు బస్సు కోసం కూర్చున్నాం. అమ్మ పులిహోర విప్పింది, అక్కడ బెంచీ మీద ఉన్న కుర్రాడికి కూడా పెట్టింది, వాడు ఎండుమిరపకాయ కొరికి నీళ్ళు అడిగాడు.
రెండో రోజు నాన్నకీ నాకూ కరెంటు సైకిళ్ళు, చెరొకటి 40 యూరోలు. అమ్మ సార్లాలో సంతకెళ్ళింది, శనివారం. నాన్న సైకిలు చుట్టూ రెండుసార్లు తిరిగి, క్యారేజీ ఏదీ, స్టాండు ఇంత పల్చగా ఉందేంటి, బెల్లు సరిగ్గా మోగట్లేదు అని తనిఖీ చేసి, మోటారు ఆఫ్ చెయ్ అన్నాడు. మోటారుతో తొక్కితే తొక్కినట్టు ఎలాగవుద్ది అని. సరే అని ఆఫ్ చేశా. గ్రోలెజాక్ దాకా మోటారు లేకుండానే తొక్కాడు, నేను టర్బోలో వెనక. అక్కడ దోర్దోన్ మీద పాత రైలు వంతెన ఉంది, దాని మీదే సైకిలు బాట. నాన్న మధ్యలో ఆగి, స్టాండేసి, అటూ ఇటూ చూసి, నది గురించి ఏమంటాడా అనుకున్నా, యానాం తాతగారి మాటే అంటాడని. అది కాదు. రాజమండ్రి హేవలాక్ బ్రిడ్జి 1900లో కట్టారు, 97లో రైళ్ళు ఆపేశారు, అప్పట్నుంచి ఊరికే ఉంది, ఇలా సైకిళ్ళకి వదలొచ్చు కదా, దీనికి ఎంతైందో కనుక్కో, అన్నాడు. ఎవర్ని కనుక్కోను నేను? బాట మీద పోయే ప్రతివాడూ బోంజూర్ అంటుంటే ఈయన ప్రతివాడికీ నమస్కారం పెడుతున్నాడు, హ్యాండిలు వదిలేసి.
తిరుగు దారిలో సార్లా వైపు సన్నగా ఎక్కుడు, పైకి కనపడదు గానీ కాళ్ళకి తెలుస్తుంది. కాసేపటికి చూస్తే నాన్న నన్ను దాటి వెళ్ళిపోతున్నాడు. ఆ బటన్ ఎప్పుడు నొక్కాడో, ఎవరు చెప్పారో తెలీదు. అడిగితే, గాలి వాలుగా ఉందిరా అన్నాడు.

సైకిల్_సీను
గాలి వాలు 😂 మీ నాన్నగారికి నా నమస్కారం, హ్యాండిలు వదిలేసి మరీ.

కరీంనగర్_కిరణ్
అమ్మ సంగతి చెప్పన్నా, బాతు కొవ్వు తిన్నదా లేదా?

తులూజ్_తణుకోడు
తినలేదు, పప్పన్నం గారి మంత్రం పనిచేసింది. ఒక హోటల్లో ఆ మాట చెప్తే వంటాయన బయటికొచ్చి మరీ నా వైపు చూసి లోపలికెళ్ళాడు, ఆలుగడ్డలు ఉడకబెట్టి ఉప్పేసి పంపాడు, కోపంతోనే పంపాడని రుచి చూస్తే తెలిసింది. మధ్యాహ్నం 2 దాటితే వంటగది మూసేస్తారు, రెండుసార్లు ఆకలితో తిరిగాం. మిగతా అన్నిపూటలా ఇంట్లో పప్పే.
రూఫిన్యాక్‌కి టాక్సీ పెట్టుకున్నాం, ఖర్చు తగిలింది గానీ అమ్మకి అన్నింటిలోకీ అదే నచ్చింది. ఆ ఎలుగుబంటి గుంటలు చూసి, పిల్లల్ని కూడా పక్కనే పడుకోబెట్టుకునేదా అని గైడుని అడగమంది. అవునట, గుహలోనే ఈనేదట. లాస్కో వెళ్ళలేదు, పద్మగారి ఆయన మాట నాన్నకి చదివి వినిపించడం నా తప్పు.
ఇక సోమవారం. నడకే_మందు అక్కా, తిట్టండి. దోమ్‌కి టాక్సీలో ఎక్కి కిందికి నడిచాం. మీరు వద్దన్నదే చేశా, దిగడమే కదా అని. సగం దారికి అమ్మ పక్కకి తిరిగి ఒక్కో అడుగు వేస్తోంది, నీళ్ళ బాటిళ్ళ సంచి టాక్సీలో మర్చిపోయా. కింద ఊరికి దిగేసరికి రెండున్నర, సోమవారం కాబట్టి ఉన్న ఒక్క కొట్టూ మూసుంది, వీధిలో పిల్లి తప్ప ఎవరూ లేరు. ఆఫీసులో ఒకడు ఎప్పుడో చెప్పాడు, ఫ్రాన్సులో ఏ ఊళ్ళోనైనా నీళ్ళు కావాలంటే స్మశానానికి వెళ్ళు, సమాధుల మీద పూలకుండీలు తడపడానికి కుళాయి ఉంటుంది అని. చూస్తే చర్చి పక్కనే ఉంది. తాగకూడదు అని బోర్డేమీ లేదు, చల్లటి నీళ్ళు. నేనూ నాన్నా కడుపునిండా తాగాం. అమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. స్మశానంలో నీళ్ళు తాగుతార్రా ఎవరైనా, బతికుండగా, అంది.
ఎంత చెప్పినా లోపలికి రాదు. ఇంతలో ఒక ముసలావిడ, 80 దాటుంటాయి, రెండు చేతుల్లో రెండు నీళ్ళ డబ్బాలతో వచ్చింది. ఒకటి నింపి ఎత్తలేకపోతోంది, రెండు చేతులా పట్టుకుని ఒరిగిపోతోంది. అమ్మ గబగబా లోపలికెళ్ళి (ఆ మోకాళ్ళతోనే) ఆ డబ్బా అందుకుంది. ఇద్దరూ కలిసి ఒక సమాధి మీద ఎర్రపూల కుండీలకి నీళ్ళు పోశారు. ఆవిడ ఫ్రెంచిలో ఏదో చెప్తోంది, అమ్మ తెలుగులో అవునండీ, అయ్యో, ఎన్నేళ్ళయింది అంటోంది. నేను మధ్యలో అనువాదం చేద్దామని వెళ్తే అమ్మ చేత్తో ఆగమంది. వెళ్ళేటప్పుడు ఆవిడ సంచిలోంచి ఓ గుప్పెడు అంజూరపళ్ళు తీసి అమ్మ చేతుల్లో పోసింది.
అమ్మ నేరుగా ఆ కుళాయి దగ్గరికే వెళ్ళి వాటిని కడుక్కుని, అక్కడే నిలబడి తినేసింది. నేనేమీ అనలేదు.

నడకే_మందు
తిట్టను గానీ, మోకాళ్ళు ఇప్పుడెలా ఉన్నాయి?

తులూజ్_తణుకోడు
రెండు రోజులు ఐసు పెట్టుకుంది అక్కా, ఇప్పుడు బానే ఉంది. తణుకు వెళ్ళిపోయారు. టాక్సీలో మర్చిపోయిన సంచి డ్రైవరు సాయంత్రం ఇంటికి తెచ్చిచ్చాడు, బాటిళ్ళు నిండుగా అలాగే ఉన్నాయి.

బోర్డో_బుజ్జి
మొత్తం టాక్సీలకి ఎంతైందో చెప్పు, కారు అద్దె ఎంతో నేను చెప్తా.

తులూజ్_తణుకోడు
చెప్పను.

పప్పన్నం_పార్టీ
ఆ ఉడకబెట్టిన ఆలుగడ్డల హోటలు వాళ్ళు బిల్లు మాత్రం పూర్తిగా వేశారా?

తులూజ్_తణుకోడు
పూర్తిగా. పైగా నాన్న నిన్న ఫోన్ చేసి తణుకులో కరెంటు సైకిలు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమన్నాడు. క్యారేజీ ఉండాలట, స్టాండు గట్టిది కావాలట. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, దానికి వేరే టాపిక్ తెరవనా ఇక్కడే అడగనా?

చర్చల_కాపలా
వేరే తెరవండి.